పిడికెడు పప్పు, కుండెడు షోర్బా

(తిరువూరులో జరిగిన మన సొసైటీ వార్షిక సమావేశంలో మహిళా విభాగం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



ఈ సభలో ప్రతి ఏడూ పిల్లల చదువుల గురించి, స్కాలర్‌షిప్పుల గురించి, నికాహ్ ఖర్చులు తగ్గించుకోవడం గురించి పెద్దలు మాట్లాడుతున్నారు. మంచిదే. ఈసారి మహిళా విభాగానికి కూడా కాస్త సమయం కేటాయించినందుకు కార్యవర్గానికి కృతజ్ఞతలు తెలుపుకుంటున్నాము. మేము పప్పు షోర్బాల గురించి మాట్లాడతామని చెప్పినప్పుడు కార్యవర్గంలో ఒకరిద్దరు నవ్వారు. "వంటలు ఆడవాళ్ళకి మీరు నేర్పాలా?" అన్నారు. నేర్పడానికి కాదు. వంట అందరికీ వచ్చు. వండిన గిన్నెలో చిక్కనిది ఎవరికి పోతున్నది, పలచనిది ఎవరికి మిగులుతున్నది అన్న సంగతి చెప్పుకుందామని వచ్చాము.

కొంతకాలం క్రిందట మనవాళ్ళకు రక్త పరీక్షలు చేయించినప్పుడు మేము పేర్లు రాసుకునే పనిలో ఉన్నాము. పద్దెనిమిదేళ్ళ అమ్మాయి ఒకతె వచ్చింది. హిమోగ్లోబిన్ 8 ఉంది. పన్నెండు ఉండాలి. డాక్టరమ్మ "ఏం తింటావు?" అనడిగితే "అన్నం, పప్పుచారు" అంది. ఇంట్లో పప్పు రోజూ వండుతారట. మరి ఎందుకిట్లా అయింది? మెల్లగా అడిగితే తేలిందేమంటే, అబ్బా, అన్నలూ, తాతా తిన్న తర్వాత తల్లీ కూతుళ్ళు కూర్చుంటారు. అప్పటికి గిన్నె అడుగున ఉన్న పప్పు గరిటెతో పైకి తీసి వడ్డించేయడం అయిపోయింది. మిగిలింది పైన తేరిన నీళ్ళు, నాలుగు కరివేపాకు రెబ్బలు. ఆ అమ్మాయికి ఎవరూ అన్యాయం చేద్దామని చేయలేదు. మా ఇళ్ళల్లోనూ ఇదే జరుగుతోందని ఆ రోజు మాకు తట్టింది. సిగ్గుపడ్డాము కూడా.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశం మొత్తం మీద పదిహేను నుంచి నలభై తొమ్మిదేళ్ళ ఆడవాళ్ళలో నూటికి 57 మందికి రక్తహీనత ఉన్నట్లు తేలింది. మన రాష్ట్రం కూడా అందుకు భిన్నంగా లేదు. ఇది పప్పు ఒక్కదానితో వచ్చిన జబ్బూ కాదు, పప్పు ఒక్కదానితో పోయేదీ కాదు. డాక్టరు ఐరన్ మాత్రలు రాస్తే అవి మింగాల్సిందే. షోర్బా తాగుతున్నాం కదా అని మాత్రలు అటక మీద పెట్టొద్దు.

ఇక పప్పు విషయానికి వద్దాము. హైదరాబాదులో జాతీయ పోషకాహార సంస్థ ఉంది. 1918లో కూనూరులో చిన్నగా మొదలై 1958లో హైదరాబాదు చేరింది. మన తిండి గింజల్లో ఏముందో వాళ్ళు పట్టికలు వేసి పుస్తకాలుగా తెచ్చారు. వాటి ప్రకారం నూరు గ్రాముల కందిపప్పులో సుమారు 22 గ్రాముల మాంసకృత్తులున్నాయి. పెసరపప్పులో 24, ఎర్రపప్పులో 25, ఉలవల్లో 22. ఈ లెక్క చూపించి "పప్పు మాంసంతో సమానం" అని చాలామంది ఉపన్యాసాలిస్తారు. ఆ లెక్క ఎండు పప్పుకి. గిన్నెలో నీళ్ళకి కాదు. అయిదుగురున్న ఇంట్లో చారెడు పప్పు, అంటే ముప్పై గ్రాములు వేసి పెద్ద గిన్నెడు చారు కాస్తే మనిషికి వచ్చేది గ్రామున్నర కూడా ఉండదు. అదే నూట యాభై గ్రాముల పప్పు వేస్తే మనిషికి ముప్పై గ్రాముల పప్పు పడుతుంది. ఆరేడు గ్రాముల మాంసకృత్తులు వస్తాయి. ఒక కోడిగుడ్డులో ఉండేది కూడా ఇంచుమించు అంతే. గుడ్డులోని మాంసకృత్తు మేలురకమైనదే, కాదనం. కాని పప్పుకి అన్నం తోడైతే ఒకదాని లోటు ఒకటి తీరుస్తుంది. మన నానీలు కిచిడీ ఎందుకు వండారో వాళ్ళకి ఈ లెక్క తెలియదు గాని, ఫలితం తెలుసు.

ధర సంగతి. 2023లో కందిపప్పు కిలో నూట యాభై దాటినప్పుడు మనందరం అల్లాడిపోయాము. ఆ ధరకి కొన్నా ముప్పై గ్రాములు నాలుగున్నర రూపాయలు. మటన్ కిలో ఎంతుందో మేము చెప్పనక్కరలేదు, దుకాణం ముందు నిలబడ్డవాళ్ళకి తెలుసు.

మనవాళ్ళలో ఒక నమ్మకం ఉంది. బాలింతకైనా, జ్వరం పడి లేచినవాడికైనా, కాలు విరిగినవాడికైనా మూలుగ బొమికల షోర్బా ఇవ్వాలి, ఎముక ఎముకని అతికిస్తుంది అని. షోర్బా వేడివేడిగా గొంతు దిగితే ప్రాణం లేచి వస్తుంది, ఆ మాట నిజం. కాని బొమికలు ఎంతసేపు మరగబెట్టినా నీళ్ళల్లోకి దిగే కాల్షియం బహు స్వల్పం. చల్లారితే గడ్డకట్టే ఆ జిగురు కూడా మాంసకృత్తే గాని అసంపూర్ణమైనది, శరీరానికి కావలసినవన్నీ అందులో లేవు. అందుకనే బొమికల్లో పిడికెడు పప్పు వేయమంటున్నాము. ఇది మేము కనిపెట్టిందేమీ కాదు. దాల్చా అంటే అదే కదా! బగారా అన్నంలోకి దాల్చా లేని వలీమా ఎక్కడైనా ఉందా? పెళ్ళిలో మటన్ ముక్కలు బిర్యానీకి పోతే మిగిలిన బొమికలూ, శనగపప్పూ, సొరకాయా కలిపి ఇంకో వంటకం చేసిన ఇల్లాలికి మనం రుణపడి ఉన్నాము.

ఇంట్లో చేసుకునే పద్ధతి ఇట్లా. గ్లాసు శనగపప్పు, లేదా సగం శనగపప్పు సగం కందిపప్పు గంటసేపు నానబెట్టాలి. పావుకిలో బొమికలు అల్లం వెల్లుల్లి ముద్ద, ఒక ఉల్లిపాయ, పసుపు, ఉప్పు వేసి కుక్కరులో అయిదారు విజిల్స్ రానివ్వాలి. పప్పు విడిగా ఉడికించి పప్పు గుత్తితో మెదపాలి. రెండూ కలిపి, సొరకాయ పెద్ద ముక్కలు, కారం, నాలుగు లవంగాలు, చిన్న దాల్చినచెక్క వేసి మూత పెట్టాలి. ముక్క మెత్తబడ్డాకనే నిమ్మకాయంత చింతపండు పులుసు పోయాలి. చివర్లో జీలకర్ర, వెల్లుల్లి, ఎండుమిర్చి, కరివేపాకుతో బఘార్. కొత్తిమీర, పుదీనా ఉంటే సరే, లేకపోతే మానె. బొమికలు కొనలేని రోజున అవి లేకుండా చేసుకోండి. వంకాయ వేసినా బాగుంటుంది. "మాంసం లేని దాల్చా ఏమి దాల్చా" అని మగవాళ్ళు గొణుగుతారు. రెండు రోజులు గొణిగి మూడోరోజు అడిగి వేయించుకుంటారు. మా అనుభవం ఇది.

సొరకాయ అంటే ముఖం పెట్టే పిల్లలకి ఒక సంగతి చెప్పండి. ఒక దర్జీ ప్రవక్తవారిని (స) భోజనానికి పిలిచి బార్లీ రొట్టె, సొరకాయా ఎండు మాంసమూ వేసిన షోర్బా పెట్టాడనీ, ప్రవక్తవారు గిన్నెలో సొరకాయ ముక్కలు వెతుక్కుని తినడం చూసి అనస్ (రజి) గారికి ఆనాటి నుంచీ సొరకాయ ఇష్టమైపోయిందనీ బుఖారీ షరీఫ్‌లో ఉంది. మా పిల్లల దగ్గర ఇది బాగా పనిచేసింది.

షోర్బా గురించే ఇంకో హదీసు ఉంది. ముస్లిం షరీఫ్‌లోనిది. షోర్బా వండితే నీళ్ళు కాస్త ఎక్కువ పోసి పొరుగువాళ్ళను కూడా చూసుకోమని అబూ జర్ (రజి) గారికి ప్రవక్తవారు (స) చెప్పారు. దీన్ని పట్టుకుని మా ఖాలా ఒకామె "నీళ్ళు పోయమన్నారు కదా, మీరేమో చిక్కగా చేయమంటారు" అని మమ్మల్ని ఇరుకున పెట్టింది. అందరూ నవ్వారు. మేము చెప్పిన సమాధానం ఇది: పొరుగింటికి పంచడానికి పోసిన నీళ్ళు వేరు, కోడలి గిన్నెలో మిగిలిన నీళ్ళు వేరు ఖాలా.

ఇక మన కృష్ణా జిల్లా సొత్తు ఉలవచారు. 2022 ఏప్రిల్‌లో తిరువూరు ఎన్.టి.ఆర్. జిల్లాలోకి వచ్చింది గాని నాలుకకి ఆ సంగతి తెలియదు. ఈ చారు పుట్టుక గురించి పెద్దవాళ్ళు చెప్పేదేమంటే, అరక దున్నే ఎడ్లకి ఉలవలు ఉడకబెట్టి పెట్టేవాళ్ళు. గుగ్గిళ్ళు ఎడ్లకి పోగా మిగిలిన నీళ్ళు పారబోయలేక చింతపండు వేసి కాచారు. పేద రైతు ఇంటి చారు ఇవాళ పెళ్ళిళ్ళలో వెన్నో మీగడో వేసి వడ్డించే దర్జాకి వచ్చింది. 2014లో ప్రకాశ్ రాజ్‌గారు ఆ పేరుతో సినిమాయే తీశారు. హోటళ్ళలో ఉలవచారు బిర్యానీకి ఎంత పెడుతున్నారో చూస్తే ఆ ఎడ్లు కూడా నవ్వుతాయి. ఉలవలు మాత్రం ఇప్పటికీ కందిపప్పు కన్నా చవకే. పైగా నూరు గ్రాముల ఉలవల్లో 250 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంది. పప్పుదినుసుల్లో ఇది చెప్పుకోదగ్గ మోతాదు.

ఉలవల్లో రాళ్ళెక్కువ, ముందు చేటలో చెరగండి. గ్లాసు ఉలవలు కడిగి ఆరు గ్లాసుల నీళ్ళలో రాత్రి నానబోయాలి. పొద్దున అవే నీళ్ళతో కుక్కరులో పది విజిల్స్ వచ్చాక మంట తగ్గించి ఇంకో పావుగంట ఉంచాలి. వడకట్టిన నీళ్ళు ఎర్రమట్టి రంగులో ఉంటాయి. ఉడికిన ఉలవలు గుప్పెడు తీసి మెత్తగా రుబ్బి ఆ నీళ్ళలో కలపండి. ఈ ఒక్కపని చాలామంది చేయరు, గంటల తరబడి మరిగించి గ్యాసు తగలేస్తారు. ఉల్లిపాయ ముక్కలు, చీల్చిన పచ్చిమిర్చి, చింతపండు పులుసు, ఉప్పు, కాస్త బెల్లం వేసి సన్నని సెగ మీద అరగంట కాస్తే గరిటెకి అంటుకునేంత చిక్కగా వస్తుంది. తాలింపు మామూలే. మిగతా ఉలవలు ఉల్లిపాయ, కొబ్బరి వేసి వేయించి పిల్లలకి సాయంకాలం గుగ్గిళ్ళుగా పెట్టండి. మాంసకృత్తులు ఎక్కువ భాగం ఉన్నది ఆ గింజలోనే. చారు మనం తాగి గింజలు గేదెకి వేస్తే, బలం గేదెకే పోతుంది.

త్వరగా అయ్యేది కావాలంటే ఎర్రపప్పు. నానబెట్టే పని లేదు, పావుగంటలో కరిగిపోతుంది. గల్ఫ్‌కి పోయివచ్చిన మనవాళ్ళకి షోర్బత్ అదస్ తెలుసు. అక్కడ రంజాన్‌లో ఇఫ్తార్ దస్తర్ మీద అది తరచు కనిపిస్తుంది. అదస్ అంటే ఈ పప్పే, ఖుర్‌ఆన్‌లో బఖరా సూరాలో పేరు వచ్చిన పప్పు. ఉల్లిపాయ, వెల్లుల్లి కొద్ది నూనెలో మగ్గించి, పప్పు, ఒక క్యారెట్, పసుపు, అయిదింతల నీళ్ళు పోసి ఉడికించి మెదపాలి. జీలకర్ర పొడి, ఉప్పు, దించాక నిమ్మకాయ పిండాలి. అంతే. నిమ్మరసం రుచికి మాత్రమే కాదు, పప్పులోని ఇనుము ఒంటికి పట్టడానికి సాయం చేస్తుంది. చాయ్ దీనికి సరిగ్గా వ్యతిరేకం. అన్నం తిన్న చేయి ఆరకముందే చాయ్ తాగే అలవాటు మనకుంది. ఆ చాయ్ ఇనుమును పట్టనీయదు. గంట ఆగి తాగండి. చాయ్ మానమని మాత్రం మేము చెప్పము, చెప్పినా ఎవరూ వినరు.

మసీదు ఇఫ్తార్ గంజి సంగతి కూడా ఒకమాట. తమిళనాడులో నోంబు గంజి కోసం మసీదులకి ప్రభుత్వం బియ్యం ఇచ్చే పద్ధతి ఉంది. మన వైపు దాతలే ఆధారం. దాత కీమా ఇచ్చిన రోజున గంజి చుట్టూ జనం, ఇవ్వని రోజున బియ్యపు నూకలు, నీళ్ళు, ఉప్పు. పొద్దున్నించీ ఉపవాసమున్న మనిషికి అది చాలదు. కీమా లేని రోజున నూకలకి మూడో వంతు పెసరపప్పు దోరగా వేయించి వేస్తే గంజి కమ్మగానూ ఉంటుంది, కడుపులోనూ నిలుస్తుంది. మెంతులు, అల్లం, వెల్లుల్లి, పుదీనా ఎటూ ఉన్నవే. ఈ రంజాన్ నుంచి ఇది అమలు చేయవలసిందిగా కార్యవర్గానికి మనవి చేస్తున్నాము.

పప్పు ఉడకడం లేదని మా దగ్గరికి వచ్చే ఫిర్యాదులు చాలా. బోరు నీళ్ళు గట్టివైతే పప్పు ఎంతసేపటికీ మెత్తబడదు. ఆ నీళ్ళలోని సున్నపు లవణాలు పప్పు పైపొరను బిగబట్టేస్తాయి. వంటకి మంచినీళ్ళు విడిగా తెచ్చుకోండి. పప్పు నిలవదైనా అంతే. చింతపండు, టమాటా ముందే వేసినా అంతే, పులుపు తగిలితే పప్పు రాయైపోతుంది. చాలామంది చిటికెడు వంటసోడా వేస్తారు. మెత్తబడుతుంది గాని అందులోని బి విటమిను పాడవుతుంది. సోడా కన్నా నానబెట్టడం మేలు. గ్యాసూ మిగులుతుంది.

బాగా చవకగా విడిపప్పు ఎవరైనా అమ్మితే ఒకసారి ఆగి చూడండి. కందిపప్పులో ఖేసరి పప్పు కలిపే మోసం పాతదే. ఆ పప్పు నెలల తరబడి తింటే కాళ్ళు పడిపోతాయి, మళ్ళీ రావు. బద్ద గుండ్రంగా లేక, మూలలు తేలి, ఒకవైపు ఏటవాలుగా ఉంటే అనుమానించండి.

ఇంక రెండు సంగతులు మిగిలాయి. వీటి కోసమే అసలు ఈ సమయం అడిగాము.

ఒకటి పసిబిడ్డలది. ఆరు నెలలు నిండిన బిడ్డకి మనం మొదట పెట్టేది పప్పు మీద తేట. "అరుగుతుంది, పలచగా ఉండాలి" అంటారు దాదీలు. బిడ్డ పొట్ట పిడికెడు. ఆ పిడికెడు పొట్టని నీళ్ళతో నింపితే బిడ్డ నిద్రపోతుంది గాని ఎదగదు. పిల్లల డాక్టర్లు పప్పు తేట వద్దనే చెబుతున్నారు. పెసరపప్పూ బియ్యమూ మెత్తగా ఉడికించి, చెంచా వంచితే జారిపడకుండా ఉండేంత చిక్కగా మెదిపి, అరచెంచా నెయ్యో నూనో వేసి పెట్టండి. తల్లిపాలు ఎటూ ఇస్తూనే ఉండాలి.

రెండోది కిడ్నీ జబ్బు. మన పక్కనున్న ఎ.కొండూరు మండలం తండాల్లో ఎందరు ఈ జబ్బుతో కుంగిపోయారో పత్రికల్లో చదివాము, కొందరం కళ్ళారా చూశాము. మన ఇళ్ళల్లోనూ డయాలసిస్‌కి విజయవాడ తిరిగేవాళ్ళున్నారు. వాళ్ళకి బలం రావాలని బంధువులు పప్పు కట్టు, బొమికల షోర్బా పట్టుకుపోతారు. పలచని తేట కదా, ఏమవుతుంది అనుకుంటారు. పప్పు ఉడికేటప్పుడు అందులోని పొటాషియం నీళ్ళలోకే దిగుతుంది. అంటే రోగికి చేటు చేసేది ఆ తేటలోనే ఎక్కువ. కిడ్నీలు బాగాలేనివాళ్ళు ఏ పప్పు ఎంత తినాలో వాళ్ళ డాక్టరే చెప్పాలి. ఒకరికి తగ్గించమంటారు, డయాలసిస్ చేయించుకునే ఇంకొకరికి మాంసకృత్తులు పెంచమంటారు. కాబట్టి పలకరించడానికి పోయేటప్పుడు షోర్బా గిన్నె తీసుకుపోకండి. మేము చెప్పిన వంటలేవీ అడగకుండా వాళ్ళకి పెట్టకండి. వాళ్ళ ఇంట్లో మిగతావాళ్ళకి, ముఖ్యంగా రోగితో పాటు ఆసుపత్రుల చుట్టూ తిరిగి అన్నం మానేసిన ఆ ఇల్లాలికి గిన్నెడు దాల్చా పంపండి.

ఆ పద్దెనిమిదేళ్ళ అమ్మాయి సంగతి చాలామంది అడిగారు. మాత్రలు వాడుతోంది. ఇంట్లో ఇప్పుడు పప్పు దించగానే తల్లి రెండు గిన్నెల్లోకి తీసి పక్కన మూత పెడుతోందట, తర్వాతనే మగవాళ్ళకి వడ్డన. మొదట్లో అత్తగారు అభ్యంతరం చెప్పిందట. మూడో గిన్నె ఆవిడకే తీయడం మొదలుపెట్టాక ఊరుకుంది.

వచ్చే సమావేశంలో ఉలవచారు కాచి చూపిస్తాము. రాదలచుకున్న ఆపాలు ముందురోజు రాత్రే తలా ఒక గ్లాసు ఉలవలు నానబోసి తీసుకురండి, పెద్ద డేగిసా మేము ఏర్పాటు చేస్తాము. ఖుదా హాఫిజ్.